జీపీఎస్ కొనే ముందు మ్యాప్ సంగతి అడగండి

ఏ కార్ డెకార్ షాపుకైనా వెళ్లి "జీపీఎస్ ఉందా అన్నా?" అని అడిగి చూడండి. ఒకాయన 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో చూపిస్తాడు. పక్క షాపాయన సిమ్ వేసే చిన్న నల్ల డబ్బా తీసి, "బండి ఎక్కడుందో మీ ఫోన్‌లో కనిపిస్తుంది సార్" అంటాడు. మూడో ఆయన "ఇప్పుడు అవన్నీ ఎవరు కొంటున్నారు సార్" అని ఫోన్ స్టాండ్ చేతిలో పెడతాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఆ మూడూ చేసే పనులు వేరు. మనకు కావాల్సింది ఏదో తేల్చుకోకుండా వెళ్తే, షాపులో ఏది మిగిలిపోయిందో అదే మన కారులోకి వస్తుంది.

ముందు ఆ నల్ల డబ్బాని పక్కన పెట్టేద్దాం. అది ట్రాకర్. లారీ ఓనరు "బండికి జీపీఎస్ పెట్టించాం" అన్నాడంటే చాలాసార్లు దాని గురించే. బండి ఎక్కడుందో ఇంట్లో కూర్చున్నవాళ్లకి చెబుతుందే తప్ప డ్రైవరుకి దారి చూపించదు. బస్సులకీ ట్యాక్సీలకీ ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం ప్యానిక్ బటన్‌తో కలిపి బిగించేది కూడా ఈ జాతిదే. సొంత కారు ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయం ఉంటే కొనుక్కోవచ్చు. దారి కోసమైతే దండగ.

ఇక దారి చూపే పరికరాలు. ఫోన్ అయినా, స్టీరియో అయినా, కంపెనీ బిగించి ఇచ్చిన స్క్రీన్ అయినా లోపల రెండు పనులు జరుగుతుంటాయి. మనం ఎక్కడున్నామో కనిపెట్టడం ఒకటి, అక్కడి నుంచి ఎటు వెళ్లాలో చెప్పడం రెండోది. మొదటిది ఉపగ్రహాల పని. రెండోది మ్యాప్ పని. చాలామంది డబ్బు పెట్టేది మొదటిదాని కోసం, ఇబ్బంది పడేది రెండోదాని వల్ల.

ఉపగ్రహాల కథ చిన్నదే. అమెరికా అంతరిక్ష దళం నడిపే జీపీఎస్ ఉపగ్రహాలు 30కి పైగా ఉన్నాయి. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఒక్కోటీ "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో టైము ఇంత" అని ప్రకటిస్తూ ఉంటుంది. మన పరికరం వినడమే తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే, ఒక్కో సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి మనం ఎక్కడున్నామో లెక్కగడుతుంది. సంకేతం వెలుతురు వేగంతో వస్తుంది కాబట్టి సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా మన చోటు 300 మీటర్లు జరిగిపోతుంది. అందుకే ఆ ఉపగ్రహాల్లో అణు గడియారాలు పెడతారు. ఇదంతా ఉచితం, ప్రపంచంలో ఎవరికైనా. 2000 మే నెల దాకా సామాన్యులకు అందే సంకేతంలో అమెరికా కావాలనే కొంత తేడా కలిపేది, ఆ తర్వాత అది కూడా మానేసింది.

ఇక్కడే ఒక పాత అపోహ ఉంది. "అడవిలో సిగ్నల్ ఉండదు, జీపీఎస్ పనిచేయదు" అంటారు. సిగ్నల్ లేనిది మొబైల్‌కి. ఉపగ్రహాల సంకేతం అడవిలోనూ వస్తుంది, నడిసముద్రంలోనూ వస్తుంది. నెట్ పోయినప్పుడు స్క్రీన్ మీద నీలం చుక్క కదులుతూనే ఉంటుంది, దాని వెనక మాత్రం రోడ్లు కనిపించవు. ఎందుకంటే ఆ మ్యాప్ ముక్కలు ముక్కలుగా నెట్ నుంచి వస్తోంది. మ్యాప్ ముందే పరికరంలోకి దించుకుని ఉంటే నెట్‌తో పని లేదు.

నెట్ లేని చోట ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మాత్రం చుక్క దొరకడానికి ఆలస్యమవుతుంది. ఏ ఉపగ్రహం కచ్చితంగా ఎక్కడుందో చెప్పే సమాచారం ఆ ఉపగ్రహం నుంచే 30 సెకన్లకోసారి వస్తుంది. అన్ని ఉపగ్రహాల స్థూల పట్టిక మొత్తం అందాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. నెట్ ఉంటే ఫోన్ ఈ సమాచారాన్ని సర్వర్ నుంచి చిటికెలో తెచ్చుకుంటుంది, మనకు తేడా తెలియదు. నెట్ లేనప్పుడు చెట్ల కింద నుంచి బండి కాస్త ఖాళీ జాగాకి తెచ్చి కొన్ని నిమిషాలు ఓపిక పడితే సరిపోతుంది. పాడైపోయిందని టెన్షన్ పడక్కర్లేదు.

"ఇందులో నావిక్ కూడా ఉంది సార్" అనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటి ఉపగ్రహంతో మొదలైన, జీపీఎస్ లాంటి భారత వ్యవస్థ అది. ఏడు ఉపగ్రహాలతో మన దేశాన్నీ చుట్టుపక్కల ప్రాంతాన్నీ కవర్ చేయాలన్నది ప్లాను. కానీ విదేశాల నుంచి తెచ్చిన అణు గడియారాలు చాలా ఉపగ్రహాల్లో మొరాయించాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి జరిగిన నూరో ప్రయోగంలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 మాత్రం అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాబట్టి నావిక్ ఉంటే మంచిదే, దాని పేరు చెప్పి రెండు మూడు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ వ్యవస్థల సంకేతాలను ఇప్పటి ఫోన్లు చాలావరకు ఎలాగూ అందుకుంటున్నాయి. స్పెసిఫికేషన్లలో వెతకాల్సింది ఒక్కటే, ఎల్1తో పాటు ఎల్5 ఫ్రీక్వెన్సీ కూడా ఉందా అని. రెండు ఫ్రీక్వెన్సీల్లో వినే పరికరం, గచ్చిబౌలి అద్దాల మేడల మధ్య గోడలకి తగిలి తిరిగొచ్చే దొంగ సంకేతాలను చాలావరకు పసిగడుతుంది.

అంత మంచి పరికరమైనా ఎంత కచ్చితంగా చెబుతుంది? ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్‌కి దాదాపు 5 మీటర్ల తేడా ఉంటుంది. మన హైవే మీద ఒక లేను వెడల్పు మూడున్నర మీటర్లు. అంటే మీరు ఏ లేనులో ఉన్నారో దానికి తెలియదు, తెలిసినట్టు బొమ్మ చూపిస్తుందంతే. హైవేనా, పక్కనున్న సర్వీసు రోడ్డా అన్నది కూడా ఒక్కోసారి ఊహే. విజయవాడ వైపు వెళ్తూ పల్లెటూరి అండర్‌పాస్ దగ్గర సర్వీసు రోడ్డులోకి దిగాల్సి ఉంటే, మ్యాప్ మాట కన్నా బోర్డునే నమ్మండి.

ఈ లోపం విడమరిచి చూడాలంటే హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే చాలు. 11.6 కిలోమీటర్ల పొడవున పైన ఒక రోడ్డు, సరిగ్గా దాని కిందే ఇంకో రోడ్డు. రెండిటికీ అక్షాంశం ఒకటే, రేఖాంశం ఒకటే. తేడా అంతా ఎత్తులోనే. జీపీఎస్‌కి బలహీనమైనదే ఎత్తు, అడ్డంగా వచ్చే తేడా కన్నా నిలువుగా వచ్చే తేడా ఎక్కువ. కాబట్టి మీరు పైకెక్కారా, కిందే ఉన్నారా అన్నది యాప్ మీ వేగాన్ని బట్టో, మీరు మొదట తీసుకున్న మలుపుని బట్టో ఊహిస్తుంది. అత్తాపూర్ వైపు అడ్రసు అడిగితే "ఫలానా పిల్లర్ నంబర్ దగ్గర" అంటారు కదా, ఆ అడ్రసులన్నీ కింది రోడ్డువి. పొరపాటున పైకెక్కితే గమ్యం మీ టైర్ల కిందుగా వెళ్లిపోతుంది, దిగే ర్యాంపు వచ్చేదాకా చేసేదేమీ ఉండదు. 2024 జులైలో గూగుల్ మ్యాప్స్ మన దేశంలో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్పే సదుపాయం తెచ్చింది. నగరంలో ఎక్కువ తిరిగేవాళ్లకి ఏ ఖరీదైన యాంటెన్నా కన్నా ఈ ఒక్క సదుపాయమే ఎక్కువ ఉపయోగం. గమనించారా, ఇది ఉపగ్రహం వల్ల వచ్చింది కాదు, మ్యాప్‌లో చేర్చిన సమాచారం వల్ల వచ్చింది.

మ్యాప్ పాతదైతే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల్లో బాగా తెలుస్తుంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారి 5 కాస్తా 16 అయ్యింది, 7 చాలాచోట్ల 44 అయ్యింది, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 9 ఇప్పుడు 65. పెద్దవాళ్లు ఇంకా పాత నంబరే చెబుతారు, మనం పరికరంలో అదే కొడతాం. దీనికి తోడు ఒకే పేరున్న ఊళ్లు. కొత్తపల్లి, రామాపురం, గోపాలపురం అని వెతికితే జిల్లాకో రెండు దొరుకుతాయి. జిల్లా పేరు చూసి ఎంచుకుందామంటే పాత మ్యాప్‌లో పాత జిల్లా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో కొత్తపల్లిని ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆలోచించండి. కొన్ని పరికరాలు అక్షరం తేడా వస్తే అసలు ఊరే లేదంటాయి.

కొత్త మ్యాప్ ఉన్నా రోడ్డు మీద ఈ రోజు ఏం జరిగిందో దానికి తెలియకపోవచ్చు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ముగ్గురు యువకులు నావిగేషన్ చూపిన దారిలో వెళ్లి, రామగంగ మీద సగంలో తెగిపోయిన వంతెన నుంచి పడి చనిపోయారు. వరదకి వంతెన ముందుభాగం కొట్టుకుపోయింది, మ్యాప్‌లో మాత్రం అలాగే ఉంది. అడ్డుగా సరైన బారికేడ్లు కూడా లేవు. రాత్రిపూట కొత్త దారిలో అరగంట కలిసొస్తుందని యాప్ ఆశ పెడితే, నేనైతే హైవే వదలను.

రోడ్డు బాగానే ఉండి, గేటు పడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. సాయంత్రం 7కి సిటీలో బయలుదేరి యాప్ తెరిస్తే రాత్రి ఇన్నింటికి శ్రీశైలం చేరతారని నిక్షేపంగా టైము చూపించవచ్చు. రోడ్డు పొడవు, వేగం లెక్క సరైనవే. కానీ ఆ వేళకి బయలుదేరి 9లోపు మన్ననూరు అందుకోవడం కష్టం, గేటు దగ్గర తెల్లారేదాకా కూర్చోవాలి. దోర్నాల వైపు నుంచి వచ్చినా ఇదే సంగతి. ఆ అడవిలో చాలాదూరం మొబైల్ సిగ్నల్ కూడా ఉండదు, కాబట్టి అచ్చంపేట దాటకముందే మ్యాప్ దించుకుని ఉండాలి.

దించుకోవడం అంటే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ఎంచుకుని ఆఫ్‌లైన్ మ్యాప్‌గా సేవ్ చేయడం. నెట్ లేకున్నా కారు దారి చెబుతుంది, ట్రాఫిక్ మాత్రం చెప్పదు. కొంతకాలానికి ఆ మ్యాప్ గడువు తీరిపోతుంది, ప్రయాణానికి ముందు రోజు ఒకసారి అప్‌డేట్ చేసుకోవాలి. ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్‌లు పూర్తిగా ఆఫ్‌లైన్‌లోనే పనిచేస్తాయి. అడవి దారులు, కాలిబాటలు వాటిలో ఒక్కోసారి మెరుగ్గా ఉంటాయి, కొత్త దుకాణాలు, ఇళ్ల అడ్రసులు మాత్రం వెతక్కండి. 1995 నుంచి మన దేశం మ్యాపులు తయారుచేస్తున్న మ్యాప్‌మైఇండియా వారి మ్యాపుల్స్ యాప్‌ని రెండో అభిప్రాయానికి ఉంచుకోవచ్చు. కార్ల కంపెనీలు బిగించి ఇచ్చే నావిగేషన్‌లో చాలావాటికి మ్యాప్ వీరిదే.

ఇంత చెప్పాక, కారులో తిరిగే మామూలు కుటుంబానికి నా సలహా ఫోనే. ఫోన్‌లో మ్యాప్ రోజూ కొత్తదవుతుంది. పెళ్లి శుభలేఖ మీద అచ్చేసిన క్యూఆర్ కోడ్‌ని, వాట్సాప్‌లో బావగారు పంపిన లొకేషన్‌ని నేరుగా తెరిచేది ఫోనే. విడి నావిగేషన్ పరికరంలో అయితే ఆ చోటు అక్షాంశ, రేఖాంశాల అంకెలన్నీ వేలితో కొట్టాలి. చట్టం గురించి భయం అక్కర్లేదు. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. అయితే 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన, ధ్యాస చెదరకుండా కేవలం దారి చూసుకోవడానికి వాడుకోవచ్చంటోంది. స్టాండుకి పెట్టి, బయలుదేరకముందే గమ్యం కొట్టేయండి.

ఫోన్‌కి శత్రువు ఎండ. మే నెలలో రెంటచింతల మీదుగా వెళ్తూ ముందు అద్దానికి ఫోన్ అంటించారనుకోండి, కాసేపటికి స్క్రీన్ మసకబారుతుంది, ఇంకాసేపటికి వేడెక్కిందని చెప్పి ఆగిపోతుంది. ఏసీ వెంటుకి తగిలించే స్టాండు మన ఎండలకి మేలు, చల్లగాలి ఫోన్ వీపుకి తగులుతుంది. ఇంకో తిరకాసు ఛార్జింగ్. పాత కార్లలో స్టీరియోకి ఉన్న యూఎస్‌బీ పోర్టు సాధారణంగా అర ఆంపియరే ఇస్తుంది. వెలుగు పెంచిన స్క్రీన్, నావిగేషన్, నెట్ కలిసి అంతకన్నా ఎక్కువ తాగేస్తాయి. వైరు పెట్టి ఉన్నా బ్యాటరీ తగ్గిపోతోందంటే కారణం అదే. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే మంచి ఫాస్ట్ ఛార్జర్ కొంటే సరి.

ఆండ్రాయిడ్ స్టీరియో కొంటే రెండు విషయాలు గట్టిగా చూడండి. దానికో సన్న వైరు చివర అయస్కాంతం ఉన్న చిన్న యాంటెన్నా వస్తుంది. పని తొందరలో దాన్ని డాష్‌బోర్డు లోపల ఇనుప పట్టీల కిందకి తోసేస్తుంటారు. ఇక చుక్క పక్క వీధిలో తిరుగుతూ ఉంటుంది. ముందు అద్దానికి దగ్గరగా, పైన ప్లాస్టిక్ తప్ప ఏమీ లేని చోట పెట్టమని దగ్గరుండి చెప్పాలి. బిల్లు కట్టకముందే బండి బయటికి తీయించి, ఉపగ్రహాలు చూపించే ఏదైనా ఉచిత యాప్ వేసి ఎన్ని దొరుకుతున్నాయో చూడండి. రెండోది, ర్యామ్ తక్కువ ఉన్న చవక స్టీరియోలో మ్యాప్ నత్తనడకన కదులుతుంది, మలుపు దాటాక మలుపు చెబుతుంది. వీటికన్నా ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న స్క్రీన్ నయం. మ్యాప్, నెట్ ఫోన్‌వి, స్క్రీన్ మాత్రం కారుది. ఫోన్ మారినప్పుడల్లా నావిగేషన్ దానంతటదే కొత్తదవుతుంది.

కంపెనీ బిగించిన నావిగేషన్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. చక్రాలు ఎంత తిరిగాయో, కారు ఎటు మళ్లిందో సెన్సర్ల ద్వారా దానికి తెలుసు. మనాలి పైనున్న 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలో ఉపగ్రహం ఒక్కటీ కనిపించకపోయినా అది చుక్కని సరైన చోటే నడిపిస్తుంది. అయినా దాని కోసమే పై వేరియంట్‌కి వెళ్లమంటే నేను ఒప్పుకోను. మ్యాప్ అప్‌డేట్ ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఎంత, ఇంట్లో చేసుకోవచ్చా సర్వీసు సెంటరుకి తేవాలా అన్నది షోరూంలో రాతపూర్వకంగా అడగండి. జవాబు నసుగుతూ వస్తే విషయం అర్థమైపోతుంది.

మరి గార్మిన్, టామ్‌టామ్ లాంటి విడి పరికరాలు ఎవరికి? ముందుగా బైకుల మీద దూరాలు పోయేవాళ్లకి. బైకు హ్యాండిల్ మీద అదురుకి ఫోన్ కెమెరా పాడవుతుందని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది. వానకి తడవని, ఎండలో కనిపించే, గ్లౌజులతో పనిచేసే పరికరం అక్కడ విలువైనదే. పైగా లద్దాఖ్ వెళ్తే మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉన్నా ఊళ్లు దాటితే సిగ్నల్ గగనం. మ్యాప్ మొత్తం లోపలే ఉన్న పరికరం ఆ దారిలో ధైర్యం ఇస్తుంది.

రెండోది, అమెరికాలో పెద్ద బండ్లు నడిపే మనవాళ్లు. బోస్టన్‌లో సెప్టెంబరు 1 చుట్టూ అద్దె ఇళ్లు మారే విద్యార్థులు ట్రక్కు అద్దెకు తీసుకుని, కారు నావిగేషన్ చెప్పిన దారిలో స్టోరో డ్రైవ్ అనే రోడ్డు ఎక్కి, పది అడుగుల ఎత్తు హద్దున్న వంతెనలకి ట్రక్కు పైకప్పు తగిలించుకోవడం ఏటా జరిగే తంతు. మామూలు యాప్ మీ బండి ఎత్తెంత అని అడగదు. ట్రక్కులకీ మోటార్‌హోములకీ చేసిన నావిగేషన్ పరికరాల్లో ఎత్తు, పొడవు, బరువు ముందే ఇస్తే తక్కువ ఎత్తు వంతెనలను తప్పించి దారి చెబుతాయి. అక్కడ ఆ డబ్బుకి న్యాయం ఉంది.

అక్కడి నుంచి ఇండియాకి వచ్చేటప్పుడు నాన్నకో గార్మిన్ తెద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, అందులో ఉండేది ఉత్తర అమెరికా మ్యాప్. ఇండియా మ్యాప్ విడిగా కొనాలి. పెట్టె మీద "లైఫ్‌టైమ్ అప్‌డేట్స్" అని ఉన్నా, అది ఆ ప్రాంతం మ్యాప్‌కే వర్తిస్తుంది, పైగా ఆ లైఫ్‌టైమ్ పరికరానిది. కంపెనీ ఆ మోడల్‌కి మ్యాపులు ఆపేసిన రోజున అయిపోతుంది. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపగల ఇన్‌రీచ్ రకం అయితే అసలు తేవద్దు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అలాంటివి దగ్గరుంచుకోవడం నేరం. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీ పర్యాటకుల మీద కేసులు పెట్టారు.

ఏది కొన్నా, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు రోడ్డెక్కించి చూడండి. మీ సొంత ఊరి పేరు రెండు మూడు స్పెల్లింగులతో కొట్టండి, దొరక్కపోతే మండలం పేరుతో వెతకండి. ఫోనైతే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, స్టీరియో అయితే హాట్‌స్పాట్ తీసేసి, కాస్త దూరం వెళ్లండి. కావాలని ఒక మలుపు వదిలేసి కొత్త దారి చెప్పడానికి ఎంతసేపు తీసుకుంటుందో గమనించండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎగ్జిట్ గురించి ఎంత ముందు చెబుతోందో చూడండి. ఆ వేగంలో 500 మీటర్లంటే 18 సెకన్లే, అంతలో అద్దం చూసి లేను మారి ఎడమకి రావాలి. కనీసం కిలోమీటరు ముందు ఒకసారి, మళ్లీ దగ్గరకొచ్చాక ఒకసారి చెప్పని పరికరాన్ని వెనక్కి ఇచ్చేయండి.